మేరీ ఆండర్సన్ (వైపర్ ఆవిష్కర్త)

మేరీ ఆండర్సన్ (ఫిబ్రవరి 19, 1866 - జూన్ 27, 1953) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఆవిష్కర్త. ఈమె ద్రాక్షతోటల పెంపకందారు, గృహ సముదాయ యజమాని కూడా. వాహనం ముందు అద్దంపై పడే వానను, మంచును డ్రైవరు తన స్థానం నుండి కదలకుండానే తుడిచివేయగల సాధనానికి 1903లో ఈమె పేటెంటు పొందింది. కిటికీని శుభ్రపరచే సాధనం అన్న సామాన్యమైన పేరుతోనే అది నమోదైంది. నేడు వైపర్ అని పిలువబడే పరికరానికి తొలి రూపాలలో ఇది ఒకటి. ప్రపంచమంతటా వ్యాపించిన ఈ ఆలోచన వలన ఈమెకు మాత్రం ఆదాయమేమీ లభించలేదు.

బాల్యం, కుటుంబం

మేరీ ఆండర్సన్ అలబామా రాష్ట్రంలోని గ్రీన్ కౌంటీలో, బర్టన్ హిల్ అనే వ్యవసాయ ఎస్టేటులో జన్మించింది. అమెరికా అంతర్యుద్ధం ముగిసి అప్పటికి ఒక సంవత్సరం కూడా కాలేదు. తండ్రి జాన్ ఆండర్సన్ 1870లో మరణించాడు. తల్లి రెబెక్కా, మేరీ, ఆమె సోదరి ఫానీ ఎస్టేటు ఆదాయంపై జీవించారు. 1889లో ఈ ముగ్గురూ అదే రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరానికి తరలి వెళ్ళారు. 1871లో స్థాపించబడిన ఆ నగరం బొగ్గు గనులు, ఇనుప కర్మాగారాల వలన అప్పుడు వేగంగా పెరుగుతున్నది. అక్కడ హైలాండ్ అవెన్యూలో వారు ఫెయిర్‌మాంట్ అపార్ట్‌మెంట్స్ అనే భవనాన్ని నిర్మించారు.

1893లో మేరీ కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫ్రెస్నోకు వెళ్ళి, 1898 వరకు పశువుల క్షేత్రాన్ని, ద్రాక్షతోటను స్వయంగా నిర్వహించింది. ఆ తరువాత జబ్బుపడిన పినతల్లిని చూసుకోవడానికి బర్మింగ్‌హామ్ తిరిగి వచ్చింది. ఈమె వివాహం చేసుకోలేదు. ఇంజనీరింగు విద్య ఏదీ అభ్యసించలేదు.

న్యూయార్క్ ప్రయాణం

1902-03 శీతాకాలంలో ఈమె న్యూయార్క్ నగరాన్ని సందర్శించింది. ఒక రోజు మంచుతో కూడిన వాన పడుతుండగా ట్రామ్ బండిలో ప్రయాణిస్తున్నది. అద్దంపై మంచు పేరుకొని దారి కనిపించకపోవడంతో, ట్రామ్ నడిపే వ్యక్తి ముందు కిటికీలోని రెండు అద్దాల పలకలనూ తెరిచి బండిని నడుపుతున్నాడు. చలిగాలి, మంచు నేరుగా అతని ముఖానికి కొడుతున్నాయి. కిటికీ మూస్తే దారి కనబడదు, తెరిస్తే కన్ను తెరవడమే కష్టం. ఆ రోజుల్లో దీన్ని వాతావరణంతో వచ్చే సహజమైన ఇబ్బందిగానే అందరూ భావించేవారు. మేరీ మాత్రం దీనిని పరిష్కరించదగిన సమస్యగా చూసింది.

సాధనం నిర్మాణం

బర్మింగ్‌హామ్ తిరిగి వచ్చిన తరువాత ఈమె ఒక రూపకర్త సహాయంతో పరికరానికి నమూనా గీయించి, స్థానిక కంపెనీలో పనిచేసే నమూనాను తయారు చేయించింది. దాని ప్రధాన భాగాలు ఇవి:

లోపలి మీట: డ్రైవరు చేతికి అందేలా వాహనం లోపల ఉంటుంది. దీనిని తిప్పితే బయటి చేయి కదులుతుంది.
బయటి చేయి, రబ్బరు పట్టీ: అద్దంపై అటూ ఇటూ కదులుతూ నీటిని, మంచును పక్కకు నెడతాయి.
స్ప్రింగు, ఎదురు బరువు: రబ్బరు పట్టీ అద్దాన్ని వదలకుండా అంటిపెట్టుకొని ఉండేలా చేస్తాయి.

శీతాకాలం గడిచాక బయటి భాగాన్ని ఊడదీసి దాచుకొనే వీలు కూడా కల్పించింది. ఇందులో కీలకమైనది ఎదురు బరువు. తడి అద్దం నుండి చూపు మసకబారడానికి కారణం దానిపై ఉండే అసమానమైన నీటి పొర. రబ్బరు అంచు అద్దమంతటా ఒకే ఒత్తిడితో ఆనితేనే ఆ పొర పూర్తిగా తొలగుతుంది. ఒత్తిడి తగ్గిన చోట చారలు మిగిలిపోతాయి. భవనాల కిటికీలు తుడిచేవారు వాడే రబ్బరు పట్టీ కర్రలోనూ ఉన్నది ఇదే సూత్రం. అమెరికాలో స్థిరపడిన ఇటలీ దేశస్థుడు ఎట్టోరే స్టెకోన్ 1936లో ఇత్తడి పిడి, ఒకే రబ్బరు పట్టీ గల తేలికపాటి కర్రను రూపొందించడంతో ఆ వృత్తివారి పని సులువైంది.

పేటెంటు, తిరస్కరణ

మేరీ 1903 జూన్ 18న పేటెంటుకు దరఖాస్తు చేసింది. ఫోర్డ్ మోటార్ కంపెనీ ఏర్పడింది దానికి రెండు రోజుల ముందే. నవంబరు 10న 7,43,801 సంఖ్యతో 17 సంవత్సరాలకు పేటెంటు మంజూరయింది. 1905లో ఈమె తన హక్కులను అమ్మడానికి కెనడాలోని మాంట్రియల్ నగరానికి చెందిన డినింగ్ అండ్ ఎకెన్‌స్టీన్ అనే సంస్థను సంప్రదించింది. అమ్మకానికి పూనుకొనేంత వాణిజ్య విలువ దీనికి లేదని చెప్పి ఆ సంస్థ నిరాకరించింది. కదిలే పట్టీ డ్రైవరు దృష్టిని మరలుస్తుందన్న అభ్యంతరం కూడా ఆనాడు ఉండేదని చెబుతారు.

ఈ నిరాకరణకు కాలం కూడా ఒక కారణం. అప్పటికి మోటారు కార్లు తక్కువ, వాటి వేగమూ తక్కువ. ఫోర్డ్ మోడల్ టి కారు 1908లో గానీ రాలేదు. 1920లో పేటెంటు గడువు ముగిసింది. 1922లో క్యాడిలాక్ కంపెనీ తన కార్లన్నిటికీ వైపర్‌ను తప్పనిసరి భాగంగా అమర్చింది. అప్పటికి మేరీకి దానిపై ఎటువంటి హక్కూ మిగలలేదు.

ఇతర ఆవిష్కర్తలు

వైపర్‌ను ఒక్కరే కనిపెట్టారని చెప్పడం సరికాదు. 1903లోనే రైలు ఇంజను కిటికీ తుడిచే సాధనానికి రాబర్ట్ డగ్లస్ దరఖాస్తు చేశాడు. 1917లో షార్లెట్ బ్రిడ్జ్‌వుడ్ విద్యుత్తుతో తిరిగే రోలర్ల వైపర్‌కు పేటెంటు పొందింది. ఆమెకూ దాని వలన ఆదాయం రాలేదు. 1926లో జర్మనీకి చెందిన బాష్ కంపెనీ విద్యుత్ వైపర్‌ను విపణిలోకి తెచ్చింది. చిరుజల్లులో ఆగి ఆగి తుడిచే వైపర్‌ను 1960లలో రాబర్ట్ కెర్న్స్ రూపొందించాడు. అతడు ఫోర్డ్, క్రైస్లర్ కంపెనీలపై ఏళ్ళ తరబడి న్యాయస్థానాలలో పోరాడి, 1990లలో కోట్ల డాలర్ల పరిహారం పొందాడు. ఇతరులు వాడుకొనే నాటికే గడువు తీరిపోయినందున మేరీకి అటువంటి అవకాశం లేకపోయింది.

తెలుగు ప్రాంతంలో వైపర్

న్యూయార్క్ మంచు కోసం పుట్టిన ఈ సాధనం తెలుగునాట వానకు, దుమ్ముకు ఉపయోగపడుతున్నది. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే మార్గం ఇందుకు మంచి ఉదాహరణ. పాల్వంచ దాటిన తరువాత దారి అడవుల గుండా సాగి గోదావరి వంతెనను చేరుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో, అనగా జూన్ నుండి సెప్టెంబరు వరకు, ఇక్కడ భారీ వర్షాలు కురుస్తాయి. అడవి దారిలో రాత్రివేళ వీధిదీపాలు లేని చోట, బస్సు డ్రైవరుకు ముందరి దీపాల వెలుగు, తుడిచిన అద్దమే ఆధారం.

ఈ ప్రాంతం సింగరేణి బొగ్గు గనులకు నెలవు. ఇల్లెందులో తవ్వకాలు 1889లో, మేరీ కుటుంబం బొగ్గు నగరమైన బర్మింగ్‌హామ్ చేరిన సంవత్సరంలోనే మొదలయ్యాయి. బొగ్గు లారీలు తిరిగే దారులలో తొలి చినుకులకు అద్దంపై దుమ్ము బురదగా మారుతుంది. నీరు చల్లకుండా వైపర్ వేస్తే దుమ్ములోని గరుకు రేణువులు అద్దాన్ని గీస్తాయి. ఎండకు గట్టిపడిన రబ్బరు పట్టీ చారలు మిగులుస్తుంది కావున వానాకాలానికి ముందే దానిని మార్చుకోవడం మంచిది. భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 101వ నియమం వైపర్‌కు సంబంధించినది. ముందు అద్దం గల మోటారు వాహనాలకు సమర్థంగా పనిచేసే వైపర్ ఉండాలని అది నిర్దేశిస్తుంది.

చివరి రోజులు, గుర్తింపు

మేరీ ఆండర్సన్ తన జీవితాంతం ఫెయిర్‌మాంట్ అపార్ట్‌మెంట్స్ నిర్వహణ చూసుకొన్నది. 1953 జూన్ 27న టెనెసీ రాష్ట్రంలోని మాంటీగిల్‌లో ఉన్న తన వేసవి విడిదిలో 87 సంవత్సరాల వయసులో మరణించింది. బర్మింగ్‌హామ్‌లోని ఎల్మ్‌వుడ్ శ్మశానవాటికలో ఈమెను ఖననం చేశారు. అప్పటికి రోడ్లపై వైపర్ లేని కారు అరుదు. మరణించిన 58 సంవత్సరాల తరువాత, 2011లో, అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తి మందిరంలో ఈమె పేరు చేర్చబడింది.