క్షణాల్లో చిత్రం : ఎడ్విన్ లాండ్ జీవితం

ఛాయాచిత్రం తీయించుకోవడం ఒకనాడు ఓపికకు పరీక్షగా ఉండేది. స్టూడియోలో ఊపిరి బిగబట్టి కూర్చున్న మనిషి తన ముఖాన్ని తాను చూసుకోవాలంటే రీలు పూర్తి కావాలి, చీకటి గదిలో దానిని కడగాలి, కాగితం మీద అచ్చు వేయాలి, ఆ పిమ్మట ఆరబెట్టాలి. ఇందుకు రోజులు పట్టేవి. ఈ నిరీక్షణను ఒక్క నిమిషానికి కుదించినవాడు అమెరికా దేశీయుడైన ఎడ్విన్ హెర్బర్ట్ లాండ్. తీసిన మరుక్షణమే చేతిఫోనులో చిత్రాన్ని చూసుకొనే నేటి విద్యార్థులకు ఇది వింతగా తోచకపోవచ్చు. అయినను, పోలరాయిడ్ కెమెరాను సృష్టించిన ఈ మేధావి జీవితంలో మనం నేర్చుకోవలసినది, హెచ్చరికగా గ్రహించవలసినది రెండూ ఉన్నవని భావించి ఈ వ్యాసాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

లాండ్ 1909 మే 7వ తేదీన కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జిపోర్టులో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి పాత ఇనుప సామాను వ్యాపారి. కాంతి శాస్త్రంపై ఆయనకు చిన్ననాటి నుండే మక్కువ. 1926లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, కొద్ది నెలలకే విడిచిపెట్టి న్యూయార్కు చేరుకున్నాడు. అక్కడి ప్రజా గ్రంథాలయంలో కాంతిని గురించిన గ్రంథాలను పఠించాడు. రాత్రివేళ కొలంబియా విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో గుట్టుగా ప్రవేశించి ప్రయోగాలు చేశాడు.

కాంతి తరంగాలు పలు దిశలలో కంపిస్తాయి. వాటిలో ఒకే దిశలో కంపించే వాటిని మాత్రమే పోనిచ్చే పలక కావాలంటే అంతవరకు పెద్దవి, ఖరీదైనవి అయిన స్ఫటికాలే శరణ్యం. ఒక పెద్ద స్ఫటికానికి బదులు కంటికి కానరాని అసంఖ్యాక స్ఫటికాలను ఒకే వరుసలో నిలిపి పలుచని రేకుగా చేయవచ్చునని లాండ్ కనుగొని, 1929లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. చలువ కళ్లద్దాలకు, కెమెరా ఫిల్టర్లకు ఆ రేకు ఉపకరించింది. మరల హార్వర్డ్‌లో చేరినా పట్టా పుచ్చుకొనకుండానే బయటకు వచ్చి, 1932లో భౌతికశాస్త్ర బోధకుడు జార్జి వీల్‌రైట్‌తో కలిసి ప్రయోగశాల స్థాపించాడు. అదే 1937లో పోలరాయిడ్ సంస్థ అయింది.

1943 డిసెంబరులో లాండ్ కుటుంబంతో న్యూ మెక్సికోలోని శాంటా ఫే పట్టణంలో ఉన్నాడు. మూడేండ్ల కుమార్తె జెన్నిఫర్‌కు ఫోటో తీశాడు. ఆ బొమ్మ ఇప్పుడే ఎందుకు చూడకూడదని పాప అడిగింది. పిల్లల మాట అని తోసిపుచ్చక, లాండ్ ఊరిలో నడుస్తూ ఆలోచించాడు. నూతన కెమెరా, ఫిల్ము, రసాయనాలు ఎట్లుండవలెనో ఆ నడకలోనే చాలావరకు ఊహించుకున్నాడు. ఊహను ఆచరణలోకి తేవడానికి మాత్రం ఏండ్లు పట్టింది.

ఆ కెమెరా పనితీరు ఇది. నెగెటివ్ కాగితానికి, చిత్రం ఏర్పడే కాగితానికి మధ్య చిక్కని రసాయనం నింపిన చిన్న సంచి ఉంటుంది. ఫోటో తీసి కాగితాలను లాగినప్పుడు రెండు రోలర్ల నడుమ ఆ సంచి చిట్లి రసాయనం సమంగా పరుచుకుంటుంది. వెలుగు తాకిన వెండి లవణాలు నెగెటివ్‌పైనే నిలిచిపోగా, తాకనివి కరిగి ఎదుటి కాగితానికి చేరి అక్కడ చిత్రంగా మారుతాయి. నిమిషం ఆగి కాగితాలను విడదీస్తే బొమ్మ సిద్ధం. చీకటి గది అంతా ఒక చిన్న సంచిలో ఇమిడిందన్నమాట!

1947 ఫిబ్రవరి 21న న్యూయార్కులో అమెరికా కాంతిశాస్త్రజ్ఞుల సమావేశంలో లాండ్ తన ఫోటోనే తీసి, అందరి ఎదుట కాగితాన్ని విడదీసి చూపాడు. 1948 నవంబరు 26న బోస్టన్‌లో మోడల్ 95 కెమెరా అమ్మకానికి వచ్చి, తెచ్చినవన్నీ ఆనాడే చెల్లిపోయాయి. తొలి చిత్రాలు గోధుమ వన్నెవి. వాటిని నలుపు తెలుపులకు మలచిన కృషిలో మెరో మోర్స్ అనే మహిళ ప్రముఖురాలు. ఆమె చదివింది కళా చరిత్ర. లాండ్ ఆమె ప్రతిభను గుర్తించి పరిశోధనా విభాగానికి నాయకత్వమిచ్చాడు. సైన్సు తమది కాదనుకొనే మా ఆర్ట్సు విద్యార్థినులు ఈ విషయాన్ని గమనింతురు గాక.

1963లో రంగుల ఫిల్ము, 1972లో మడిచి కోటు జేబులో పెట్టుకోగల ఎస్‌ఎక్స్-70 వెలువడ్డాయి. మీట నొక్కగానే కాగితం తానే బయటకు వచ్చి, కళ్లెదుటే బొమ్మ తేలేది. పది చిత్రాల ఫిల్ము పెట్టెలోనే బ్యాటరీ అమర్చబడి ఉండేది. చిత్రం క్రింది వెడల్పాటి తెల్లని అంచు అలంకారం కాదు, అది రసాయనపు సంచి ఉండే చోటు. ఆ కాగితాన్ని గాలిలో ఊపితే త్వరగా తేలుతుందని పలువురు నమ్మేవారు గాని, అది అపోహ.

ఇక హెచ్చరిక. దక్షిణాఫ్రికాలో నల్లజాతివారు విధిగా ధరించవలసిన గుర్తింపు పుస్తకాలకు పోలరాయిడ్ ఫోటోలు వాడుతున్నారని 1970లో ఆ సంస్థలోని నల్లజాతి ఉద్యోగులు కారొలిన్ హంటర్, కెన్ విలియమ్స్ కనుగొని ఉద్యమించారు. హంటర్ కొలువు కోల్పోయింది. సంస్థ తొలుత కొన్ని సంస్కరణలతో సరిపెట్టింది. ఆ ప్రభుత్వానికి రహస్యంగా అమ్మకాలు సాగుతున్నట్లు తేలగా, 1977లో అచ్చటి వ్యాపారం విరమించింది. పసిపాప ప్రశ్నకు చెవియొగ్గిన లాండ్, తన కొలువులోని వారి ప్రశ్నకు అంత వేగంగా బదులీయలేకపోయాడని మేము విచారంతో వ్రాయవలసి వస్తున్నది.

1977లో ఆయన తెచ్చిన పోలావిజన్ చలనచిత్ర సాధనం విఫలమైంది. 1982లో తాను స్థాపించిన సంస్థనే విడిచివెళ్లాడు. పేటెంట్ల వ్యాజ్యంలో కోడక్ ఓడిపోయి, 1986లో ఇన్‌స్టెంట్ కెమెరాల రంగం నుండి తప్పుకున్నది. ఐదు వందలకు పైగా పేటెంట్లు ఆర్జించిన లాండ్ 1991 మార్చి 1న కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు. 2001లో సంస్థ దివాలా తీసింది. 2008లో ఫిల్ము తయారీ ఆపివేస్తామని ప్రకటించగా, కొందరు ఔత్సాహికులు నెదర్లాండ్స్‌లోని యంత్రాలను దక్కించుకొని తయారీని పునరుద్ధరించారు. అందువల్లనే ఆ పాత కెమెరాలు నేటికీ పనిచేస్తున్నాయి.

పట్టా లేని లాండ్‌కు 1957లో హార్వర్డ్ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఇది చదివి చదువు మానవచ్చునని ఎవరైనా తలిస్తే, అది మా వ్యాసపు దోషమే అవుతుంది. మా హాజరు పట్టీలో ఏటా కొన్ని పేర్లు నడిమధ్యలోనే ఆగిపోతుంటాయి. ఇంటి ఇబ్బందుల వలన ఆగిన ఆ పేర్లకు, ఇచ్ఛానుసారం ఆగిన లాండ్ పేరుకు పోలిక లేదు. ఆయన విడిచింది తరగతిని మాత్రమే, గ్రంథాలయాన్ని కాదు. విధిలేక కళాశాల వీడిన మా విద్యార్థులకు కూడ గ్రంథాలయ ద్వారాలు తెరచి ఉంచవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాము. ఏ ప్రశ్న ఎవరి నోట పుట్టునో ఎవరికెరుక?