నీటి నడకను లెక్కకట్టిన హెన్రీ డార్సీ

అనంతగిరి కొండలలో బొర్రా గుహల కప్పు నుండి చుక్కచుక్కగా జారే నీరు యుగయుగాలుగా సున్నపురాతిని కరిగిస్తూ, మరల పేరుస్తూ వింత ఆకృతులను మలచింది. ఆ చెంతనే ప్రవహించే గోస్తనీ నది తాటిపూడి జలాశయానికి చేరి విశాఖపట్టణపు దాహం తీర్చడంలో పాలుపంచుకొంటున్నది. నేలలో ఇంకిన నీరు ఎంత వైశాల్యం గుండా, ఎంత కాలంలో, ఎంత పరిమాణంలో సాగుతుందో తెలిపే సూత్రాన్ని లోకానికిచ్చినవాడు ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ డార్సీ.

డార్సీ 1803 జూన్ 10న డిజోన్ నగరంలో జన్మించాడు. మన గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ కూడ అదే సంవత్సరం మే నెలలో పుట్టడం ముచ్చటైన విషయం. పదునాలుగేండ్ల వయసులో తండ్రిని కోల్పోయిన డార్సీ, పారిస్‌లో ఇంజనీరింగు విద్య ముగించి, స్వస్థలంలోనే ప్రభుత్వోద్యోగిగా చేరాడు.

ఆనాటి డిజోన్ ప్రజలకు మురికిబావులే గతి. ఊరిలోని వాగు మురుగుకాలువగా మారింది. డార్సీ 12.7 కిలోమీటర్ల దూరాన గల రొజ్వార్ ఊట నుండి మూసిన కాలువ ద్వారా నీటిని తెప్పించి, 1840లో నగరానికి అందించాడు. నిమిషానికి 8 ఘనమీటర్లు, అనగా మన కాలువల లెక్కలో సుమారు 4.7 క్యూసెక్కులు. ఇంత పనికి రావలసిన ప్రతిఫలాన్ని ఆయన స్వీకరించలేదు. అయినను 1848 విప్లవానంతరం కొత్త ప్రభుత్వం ఆయనను ఆ ఊరి నుండి తప్పించింది!

ఆరోగ్యం చెడి, ఉద్యోగభారం తగ్గించుకొని, డిజోన్‌కు తిరిగివచ్చి, 1855, 56లలో అక్కడి ఆసుపత్రిలో ఒక నిలువు గొట్టాన్ని ఇసుకతో నింపి నీటిని పంపాడు. గొట్టం లోపలి వ్యాసం 35 సెంటీమీటర్లు. నీటిమట్టాల వ్యత్యాసం రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు. ఇసుక మందం రెట్టింపైతే ప్రవాహం సగం. ఇంత గొప్ప నియమాన్ని 1856లో ప్రచురించిన తన గ్రంథానికి అనుబంధంలో చేర్చి ఊరుకొన్నాడు.

ఇక్కడ విద్యార్థులు కాస్త నిలిచి లెక్క వేయాలి. ఆ గొట్టంలో నిమిషానికి ఒక లీటరు పోయిందనుకొందాం. అడ్డుకోత వైశాల్యం 0.0962 చదరపు మీటరు. భాగిస్తే చదరపు మీటరుకు నిమిషానికి 10.4 లీటర్లు. ఇదే అభివాహం, ఇంజనీర్ల వాడుకలో ఫ్లక్స్. చదరపు మీటరుపై ఒక లీటరు అంటే ఒక మిల్లీమీటరు లోతు. వాన కొలత కూడ ఇదే. కనుక నిమిషానికి 10.4 మిల్లీమీటర్లు, రోజుకు దాదాపు 15 మీటర్లు. రోజుకు ఒక మీటరంటే చదరపు అడుగుకు 20.4 బ్రిటిష్ గ్యాలన్లు, అమెరికా గ్యాలన్లలో 24.5. ఏ గ్యాలనో చూడకుండా వడపోత తొట్టి కడితే అంచనా అయిదో వంతు తప్పుతుంది.

మరొక చిక్కు ఉన్నది. మీటర్లలో చెప్పినంత మాత్రాన అది నీటి అసలు వేగం కాదు. ఇసుకలో మూడో వంతే ఖాళీ అయితే, రేణువుల మధ్య నీరు రోజుకు 45 మీటర్లు సాగుతుంది. బావికి మురుగు ఎప్పుడు చేరుతుందో చెప్పవలసినవారు ఈ భేదం మరిస్తే ప్రమాదం. బొర్రా వంటి చోట్ల రాతిలో పెద్ద దారులున్నందున మెల్లని ప్రవాహానికి వర్తించే డార్సీ నియమం చెల్లదు. కొండపై పడిన మాలిన్యం వడపోతకు లోనుకాకుండానే ఊటలోనికి దిగవచ్చు.

1858 జనవరి 3న డార్సీ పారిస్‌లో మరణించాడు. డిజోన్‌లో ఒక కూడలికి ఆయన పేరు పెట్టారు. రాతిలో ద్రవాలు చొరబడగల గుణాన్ని కొలిచే ప్రమాణానికి కూడ డార్సీ అనే పేరు. కృష్ణా–గోదావరి ప్రాంతపు భూగర్భ శిలల నమూనాలను పరీక్షించే చమురు ఇంజనీర్లు దానిలో వెయ్యవ వంతైన మిల్లీడార్సీలలో లెక్కిస్తారు.