త్రోవలో దింపిన న్యాయపీఠము
(లూకా 3:1, 9:9-10, మార్కు 8:22-30 చదువుడి)

హేరోదు అను పేరు వినగానే మనకు బేత్లెహేము శిశువులును, బాప్తిస్మమిచ్చు యోహాను మరణమును జ్ఞాపకమునకు వచ్చును. అయితే ఆ యింటనే వేరొక రీతిగా బ్రదికిన కుమారుడొకడుండెను. అతడే లూకా పేర్కొనిన చతుర్థాధిపతియైన ఫిలిప్పు. హేరోదియ మొదటి భర్తయైన ఫిలిప్పు వేరొక తల్లి కుమారుడనియు, ఇతడు కాడనియు పండితులనేకులు తలంచుదురు.

మహా హేరోదు క్రీ.పూ. 4లో చనిపోగా, ఔగుస్తు కైసరు దేశమును అతని ముగ్గురు కుమారులకు పంచెను. అర్కెలాయునకు యూదయయు, అంతిపకు గలిలయయు, ఫిలిప్పునకు గలిలయ సముద్రమునకు ఈశాన్యమున నున్న ఇతూరయ, త్రకోనీతి మొదలగు ప్రాంతములును వచ్చెను. అంతిపకు ఏటా 200 తలాంతుల ఆదాయము రాగా, ఇతనికి 100 మాత్రమే.

అయినను యూదుల చరిత్రకారుడైన జోసీఫసు ఇతనికి మంచి సాక్ష్యమిచ్చెను. ఫిలిప్పు కొద్దిమంది స్నేహితులతో తన దేశములోనే సంచరించుచు, తీర్పు తీర్చు పీఠమును వెంట తెప్పించుకొనెడివాడు. త్రోవలో ఎవరైన మొరపెట్టినయెడల రేపు రమ్మనక, అక్కడనే పీఠము దింపించి, సంగతి విని, నేరస్థుని శిక్షించి, నిర్దోషిని విడిపించెడివాడు. అర్కెలాయును క్రీ.శ. 6లో, అంతిపను 39లో కైసరులు దేశమునుండి వెళ్లగొట్టిరి. ఫిలిప్పు మాత్రము 37 ఏండ్లు నెమ్మదిగా ఏలి, తానే పట్టణముగా చేసిన బేత్సయిదాలో క్రీ.శ. 34లో సంతానము లేక మరణించెను.

ఇతనిని మనము భక్తునిగా ఎంచము. యూదుల రాజ కుటుంబమువాడైయుండియు నాణెములపై కైసరు రూపము ముద్రించెను. తన పట్టణమునకు కైసరు పేరు పెట్టెను. అయినను అంతిప యేసును చూడగోరిన దినములలో ప్రభువు శిష్యులను వెంటబెట్టుకొని బేత్సయిదాకు వెళ్లెను. ఆ ఊరనే ఆయన ఒక గ్రుడ్డివాని చెయ్యి పట్టుకొని వెలుపలికి నడిపించి చూపునిచ్చెను. ఫిలిప్పుదైన కైసరయ ప్రాంతముననే పేతురు ఆయనను క్రీస్తని ఒప్పుకొనెను. ఫిలిప్పు ఆయనయొద్దకు వచ్చెనని సువార్తలలో ఎక్కడను లేదు. ప్రజల మొర ఆలకించినవాడు తన దేశమున నడచిన రక్షకుని ఎరుగకపోయిన యెడల అది ఎంత నష్టము!

ప్రియులారా, ఆ రక్షకుని మనము ఎరిగియున్నాము. అయినను విధవరాలి పొలముగట్టు తగవు, అన్నదమ్ముల పంపకము సంఘ పెద్దలయొద్దకు వచ్చి నెలలు గడచుచుండును. కైసరు చేతిక్రిందనున్న ప్రభువే త్రోవలో ఆగగా, క్రీస్తు పేరు ధరించిన మనము ఆగలేమా? మనయొద్ద నిలిచిపోయిన మొర ఒకటి ఈ నెలలో జ్ఞాపకము చేసికొని, వారు మరల రాకముందే మనమే ఆ యింటికి వెళ్లుదము.