భద్రాచల రామదాసు: రాజు సొమ్ము, రాముని కోవెల

శ్రీరామనవమి పందిళ్లలో తాళములు మ్రోగినపుడును, శనివారపు రాత్రులు భజన సాగినపుడును, మన రాచర్ల మొదలు గిద్దలూరు, కంభము, మార్కాపురము వరకు నల్లమల క్రింది పల్లెలలో వినవచ్చు పాటలలో పెక్కు రామదాసువి. అవి నోటికి వచ్చినవారు వేలకొలది గలరు. ఆ పాటలు కట్టినవాడు ఒక తహశీల్దారనియు, పన్ను వసూలు చేసి ఖజానాకు జమకట్టవలసిన ఉద్యోగి యనియు ఎరిగినవారును గలరు. కాని ఆ ఉద్యోగమునకును ఆ భక్తికిని నడుమ అతని మనస్సు ఎంత నలిగినదో తలపోసినవారు తక్కువ. మనము రామదాసును తొలినుండియు సిద్ధపురుషునిగా చూచుటకు అలవాటుపడితిమి. అతడు మొదట కంచెర్ల గోపన్న.

గోపన్న ఇప్పటి ఖమ్మము జిల్లాలోని నేలకొండపల్లి యందు 1620 ప్రాంతమున జన్మించెనని చెప్పుదురు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. నియోగి కుటుంబము, ఆత్రేయ గోత్రము. తన వంశమును గోత్రమును తానే దాశరథీ శతకమున చెప్పుకొనెను గనుక ఆ విషయమున తగవు లేదు. రఘునాథ భట్టాచార్యుల వారు అతని గురువులు. కబీరు అను మహాత్ముడు వచ్చి తారకమంత్రము నుపదేశించెనను కథ యొకటి వాడుకలో నున్నది. ఉత్తరదేశపు కబీరుదాసు గోపన్నకు నూరేండ్లకు పూర్వమే గతించినవాడు గావున, ఆ పేరుగల మరియొక ఫకీరెవరో కావలయును, లేదా కథ చెప్పినవారు ఇరువురు భక్తులను ఒక్కచోట చూడగోరి కలిపియుందురు.

గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా 1672లో సింహాసనమెక్కెను. ఇతనినే మనవారు తానీషా యందురు. ఈ ప్రభువు కథలలోని క్రూరుడు కాడు. యౌవనమున షా రాజు అను సూఫీ గురువును సేవించి, ఆ మఠములో నుండియే రాచరికమునకు వచ్చినవాడు. తానీషా యను ముద్దుపేరును ఆ గురువు పెట్టినదే యందురు. ఇతని కొలువులో మాదన్న ప్రధానియై, సోదరుడు అక్కన్నతో కూడి రాజ్యభారమంతయు నడిపెను. గోపన్న ఈ సోదరులకు మేనల్లుడని సంప్రదాయము. మేనమామల ప్రాపున అతనికి పాల్వంచ పరగణా తహశీల్దారీ లభించెను. గోదావరీ తీరమున నున్న భద్రాచలము ఆ పరగణాలోనిదే.

ఇచ్చట నాటి రాబడి పద్ధతిని కొంచెము తెలిసికొనవలెను. తెలియకున్న గోపన్న చేసినది చిన్న తప్పుగా తోచును. 1636లో గోల్కొండ ప్రభువు ఢిల్లీ పాదుషాకు లోబడి, ఏటేట రెండు లక్షల హొన్నులు కప్పము కట్టుటకు ఒప్పుకొనెను. హొన్నులనగా మన వరహాలే. ఆ సొమ్ము పల్లెలనుండి పరగణాకు, పరగణానుండి గోల్కొండకు చేరవలెను. దేశమున చాలభాగము ఇజారాలకు పోవుచుండెను. వర్షము పడినను పడకున్నను ఒప్పుకొన్న మొత్తము కట్టితీరవలెను. కట్టనివానికి కొరడా, సంకెల, చెర. ఒక గడువున సొమ్ము చేరకున్న దాని వెనుక నున్న మెట్లన్నియు కదలును. సిస్తు లెక్కలు వ్రాసిన వంశములలో పుట్టినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

గోపన్న భద్రాద్రికి వచ్చునప్పటికి అచట కోవెల లేదు. పోకల దమ్మక్క అను భక్తురాలు పుట్టలో నున్న విగ్రహములను కనుగొని, పైన ఆకుల పందిరి వేసి, తాటిపండు నైవేద్యము పెట్టి కొలుచుచుండెను. నాలుగు చేతుల రాముడు, తొడపై సీతమ్మ, ప్రక్కన లక్ష్మణుడు. ఇంతటి దైవము ఎండకు ఎండి వానకు తడియుచుండుట చూచి తహశీల్దారు కన్నులు చెమ్మగిల్లెను. దమ్మక్క తనకున్న దంతయు పెట్టినది. తన చేతిలోనో, పరగణా సొమ్మంతయు నున్నది.

ఆ సొమ్ము ఎవరిది? కథ చెప్పువారు ఇచట పలువిధముల చెప్పుదురు. రైతులే సంతోషముతో గుడికి విరాళములిచ్చిరనియు, అవి చాలక సర్కారు పైకము వాడెననియు కొందరు. పంట వచ్చిన తరువాత తిరిగి ఇత్తుమని రైతులు మాటయిచ్చిరని కొందరు. అనుమతి కోరి వ్రాసెనని మరికొందరు. ఇన్ని సమాధానములు పుట్టుటయే గమనింపదగినది. గోపన్నను ప్రేమించు జనులకు గూడ అతడు చేసిన పని లెక్కకు నిలువదని లోలోపల తెలియును. తెలియనిచో ఇన్ని విధముల సమర్థింపవలసిన పనియేమి? బమ్మెర పోతన రాజాశ్రయము వలదని భాగవతమును శ్రీరామున కర్పించెనన్న, ఆయన చేతిలో నున్నది ఆయన హలము, ఆయన గంటము. గోపన్న రాజు ఉప్పు తినుచు రాజు సొమ్ముతో దైవమును ముందు నిలిపెను. పోతన మార్గముకంటె ఇది ఇరుకైన త్రోవ.

కోవెల లేచెను. ప్రాకారములు, గోపురము, మండపములు, సీతమ్మకు రామయ్యకు పరివారమునకు రత్నాల ఆభరణములు. గోదావరిలో దొరకిన సుదర్శన చక్రము శిఖరమున నిలిచెననియు, సంతర్పణ నాడు మరుగు గంజిలో పడిన కుమారుడు రాముని దయవలన బ్రతికెననియు చెప్పుదురు. ఇదంతయు ఎల్లరు ఎరిగిన కథయే. ఖర్చయినది ఆరు లక్షల వరహాలని జనశ్రుతి. పైకము చేరలేదని గోల్కొండలో తెలియగానే గోపన్నను పట్టి తెచ్చి కోటలో చెరపెట్టిరి. చెర పండ్రెండేండ్లని చెప్పుదురు. పుట్టిన ఏడు సరియైనచో నప్పటికి అతని వయస్సు ఏబది దాటినది. మేనమామ ప్రధానియై యుండియు విడిపింపలేకపోయెను. విడిపించినచో మేనల్లుని కొక న్యాయము ఇతరులకొక న్యాయము నన్న మాట వచ్చును. హైందవ మంత్రులపై కొలువులో ఈర్ష్యపడువారు మొదలే పలువురు. గోల్కొండకు పోయినవారికి నేటికిని ఆ చెరను చూపుదురు. గోడపై రాముని, హనుమంతుని రూపములు మలచియున్నవి.

ఆ చీకటిలో గోపన్న విశ్వాసము చలించెను. ఈ మాట చెప్పుటకు వెరవనక్కరలేదు, అతడే దాచుకొనలేదు. దెబ్బలు పడుచుండగా అతడు కట్టిన కీర్తనలు స్తోత్రములు కావు, బాకీ పత్రములు. ఏ ప్రాకారమునకు ఎంత, ఏ పతకమునకు ఎంత, ఎవరి నగకు ఎంత పట్టినదో తహశీల్దారు పద్దులు వ్రాసినట్లు వరుసగా ఎత్తిచూపి, ఇవన్నియు పెట్టుకొని కులుకుచున్నావే, ఇది ఎవరి అబ్బ సొమ్మని రాముని నిలవేసెను. నీ తండ్రి పెట్టెనా, నీ మామ పంపెనా యని దెప్పెను. ఇట్లు అడిగినవాడు భక్తుడా యని శంకించువారుందురు. కాని నమ్మనివాడు గోడతో తగవులాడునా? తగవుకు ఎదుట ఒకడుండవలెను. గోపన్నకు ఎదుట రాముడున్నాడని తెలియును. వినుచున్నాడో లేదో తెలియదు. అతని శంక ఆ రెండవదే. ఎన్నడును పలుకని దైవమునకు తన ఉద్యోగము, మానము, ఇల్లు, ఒడలు అన్నియు ఒడ్డితినా యను భయము అతనిని తొలిచెను.

రామునితో మాట పొసగనపుడు సీతమ్మను ఆశ్రయించెను. ఏకాంతమున నున్నపుడు నా సంగతి కదపుము తల్లీ యని వేడుకొనెను. కచేరీలో పని కాకున్న లోపలివారిచేత చెప్పించుకొను లోకమర్యాద అతనికి చెరలోను మరపురాలేదు. ఆ కీర్తన వినినపుడు మన ముఖమున నవ్వు వచ్చును, వెంటనే కంట నీరు వచ్చును.

అయినను తిట్టిన పాటలోనే అతడు తిరిగెను. తిట్టితినని కష్టపెట్టుకొనవలదు, దెబ్బలకోర్వలేక నోరు జారినదని అదే పాట చివర చేతులు మోడ్చెను. ఈ మలుపు ఏ నాడు వచ్చినదో, చెరలో ఎన్నవ యేట వచ్చినదో చెప్పగల చరిత్రకారుడు లేడు. చూడదగినది ఇది: అప్పటికి అతని సంకెల విప్పలేదు, బాకీ తీరలేదు, రాముడు పలుకలేదు. ఏమియు మారకముందే అతడు రాముని వైపు నిలిచెను. కోవెల కట్టినపుడు రామునికి ముందు చోటిచ్చుట సుళువు. చేతిలో అధికారమున్నది, ఎదుట పొగడువారున్నారు, ఖర్చు పరులది. చెరలో ఇచ్చినది తన సొమ్ము. దాశరథీ శతకమున, తాను పూర్వము కవిత్వమును తగనివారి కర్పించి మోసపోతినని వగచిన పద్యమొకటి గలదు. మనుష్యులను ముందు నిలిపిన కాలము అతనికిని ఉండెననుటకు ఆ పద్యమే సాక్షి.

ఇక విడుదల కథ. ఒక రేయి ఇద్దరు యువకులు రామోజి, లక్ష్మోజి యను పేర్లతో తానీషా శయనాగారమునకు వచ్చి, ఆరు లక్షల వరహాలు రాశి పోసి, చెల్లు రసీదు వ్రాయించుకొని, దానిని నిద్రించుచున్న గోపన్న కడ నుంచి మాయమైరి. తెల్లవారి తానీషా చెరకు పరుగున వచ్చి కాళ్లపై పడెను. ఏండ్లతరబడి కొలిచినవానికి దర్శనము కాలేదు, చెరపెట్టినవానికి అయినదని గోపన్న ఏడ్చెను. ఆ నాణెములనే రామమాడలని భక్తులు పూజలలో దాచుకొందురు.

ఈ కథను చరిత్ర యనవచ్చునా యని పండితులు వాదించుకొందురు గాక. కట్టినవాని ధర్మబుద్ధిని మాత్రము మెచ్చవలెను. దేవుడు తలచినచో చెర గోడలు కూలియుండును. రాజు మనస్సు మారి బాకీ మాఫీ అయియుండును. చేతి సంకెలలు పువ్వులై రాలియుండును. కథ చెప్పిన తెలుగు రైతు వీనిలో నొకటియు కోరలేదు. రాముడు వచ్చి సొమ్ము కట్టెను. తక్కువ కట్టలేదు, ఆరు లక్షలును కట్టెను. కట్టి రసీదు పుచ్చుకొనెను. దైవకార్యమునకు వాడినను సర్కారు పైకము సర్కారునకు చేరవలసినదే యని, రసీదు లేని చెల్లింపు చెల్లింపు కాదని, మూడు వందల యేండ్లకు పైగా మన పల్లెలు ఈ కథలో నిలుపుకొన్నవి. గోపన్నను నిర్దోషి యనక, అతని అప్పును రాముని చేత తీర్పించినది ఈ కథ.

తరువాతి కాలము వేగముగ గడచెను. మొగలు సేనలు హైదరాబాదు పైబడిన అల్లకల్లోలమున అక్కన్న మాదన్నలు కుట్రకు బలియై హతులైరి. 1687లో ఎనిమిది నెలల ముట్టడి పిదప గోల్కొండ ఔరంగజేబు చేజిక్కెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీయై, అచటనే కన్నుమూసెను. చెరపెట్టిన ప్రభువునకు తుదకు చెరయే గతియైనది. రామదాసు కీర్తనలు దక్షిణమున తంజావూరు సీమ వరకు ప్రాకెను. త్యాగరాజస్వామి తన ప్రహ్లాద భక్తి విజయమున ఇతనిని పేరెత్తి కొనియాడెను. రామదాసును కాచినవాడు నన్నేల కాపాడడని తన కృతులలో రామునే నిలదీసెను. తగవాడు విద్య యిచటనే నేర్చెనేమో!

తానీషా రాముని కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు పంపు నాచారమును నెలకొల్పెనందురు. రాజ్యములు మారినను ఆ పద్దు కొట్టివేయబడలేదు. 2014 వరకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును, అటుపిమ్మట తెలంగాణ ప్రభుత్వమును ఏటేట నవమి నాడు పట్టువస్త్రములతో గూడ ముత్యాలను భద్రాద్రికి సమర్పించుచున్నవి. ఏ సర్కారు సొమ్ము తినెనని గోపన్నను చెరపెట్టిరో, ఆ సర్కారు ఖజానా నుండియే అది బయలుదేరును. తలంబ్రాలైన తరువాత భక్తులు ఆ ముత్యమొక్కటి దొరకిన చాలునని తలలు వంచి, చేతులు చాచి నిలుతురు.