ఒత్తిడికి ఓర్చే లోహం కోసం.. డాక్టర్ బ్రహ్మప్రకాశ్ జీవనయానం

శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్ల సంకేతాలను అందుకునే కేంద్రాల్లో అండమాన్ రాజధాని శివార్లలోని బ్రూక్షాబాద్ ఒకటి. అక్కడికి పీఎస్‌ఎల్‌వీ సంకేతాలు చేరే వేళకు దాని మొదటి దశ పని ముగించి విడిపోయి ఉంటుంది. రెండు నిమిషాలైనా మండని ఆ ఉక్కు గొట్టం నిజానికి ఒక పీడన పాత్ర. వంటింటి గ్యాస్ సిలిండరు, కర్మాగారపు బాయిలరు, అణు రియాక్టరులోని గొట్టం అన్నీ ఆ కుటుంబానికి చెందినవే. లోపలి ఒత్తిడికి పగలకుండా నిలవడమే వాటి ధర్మం. దేశంలో అటువంటి పాత్రలకు తగిన లోహాలను తయారుచేసుకునే పునాది వేసిన వారిలో ప్రముఖుడు డాక్టర్ బ్రహ్మప్రకాశ్.

1912 ఆగస్టు 21న లాహోర్‌లో జన్మించిన బ్రహ్మప్రకాశ్ రసాయన శాస్త్రంలో పరిశోధన చేసి, అనంతరం అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఉన్నత విద్య పూర్తి చేశారు. 1951లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ లోహశాస్త్ర విభాగానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. 1957లో ట్రాంబే చేరి అణు ఇంధన లోహాల బాధ్యత చేపట్టారు.

ట్రాంబేలో ఎదురైన సమస్య సున్నితమైనది. భారజల రియాక్టరులో ఇంధనం చుట్టూ ప్రవహించే భారజలం సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడిలో, వాతావరణ పీడనానికి దాదాపు 100 రెట్ల ఒత్తిడితో ఉంటుంది. 220 మెగావాట్ల రియాక్టరులో అటువంటి గొట్టాలు 306 ఉంటాయి. గోడ మందం పెంచితే గొట్టం భద్రమే, కానీ ఆ లోహం న్యూట్రాన్లను మింగేసి చర్యను చల్లారుస్తుంది. అందుకే న్యూట్రాన్లను అతి తక్కువగా పీల్చుకునే జిర్కోనియం కావలసివచ్చింది. సముద్రతీరపు ఇసుకలో దొరికే ఈ లోహాన్ని హాఫ్నియం అంటిపెట్టుకుని ఉంటుంది. గుణాల్లో కవలల వంటి ఆ రెంటిలో హాఫ్నియం మాత్రం న్యూట్రాన్లకు బద్ధశత్రువు. రెంటినీ వేరుచేయడం, ఆపై లోపం లేని గొట్టంగా మలచడం ప్రయోగశాల దాటి కర్మాగారానికి రావాలి. ఆ పని 1971లో హైదరాబాద్‌లో ఏర్పడిన అణు ఇంధన సముదాయంలో స్థిరపడింది. దాని రూపకల్పనకు సారథ్యం వహించినది బ్రహ్మప్రకాశ్. 1974 పోఖ్రాన్ పరీక్ష తరువాత కెనడా సహకారం నిలిచిపోయినప్పుడు ఆ ముందుచూపు విలువ అందరికీ తెలిసివచ్చింది.

విక్రమ్ సారాభాయ్ 1971 డిసెంబరులో మరణించారు. తుంబాలోని విడివిడి విభాగాలను కలిపి మరుసటి ఏడాది విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రాన్ని ఏర్పాటు చేసినప్పుడు దానికి తొలి సంచాలకులుగా బ్రహ్మప్రకాశ్ నియమితులయ్యారు. అప్పటికి ఆయన వయసు అరవై. అణుశక్తి మనిషికి రాకెట్లతో పనేమిటన్న సందేహం సహజమే. అయితే ఘన ఇంధన రాకెట్ కవచంలోనూ చిక్కు అదే. గోడ పలచనైతే పగులుతుంది, మందమైతే బరువు పెరిగి ఉపగ్రహం మోయలేదు. లోహం తెలిసినవాడికి ఈ పోలిక పట్టుబడటం వింత కాదు.

17 టన్నుల ఎస్‌ఎల్‌వీ-3 ప్రాజెక్టుకు సంచాలకుడిగా ఉన్న యువ ఇంజినీరు అబ్దుల్ కలాం ఆయన పర్యవేక్షణలోనే పనిచేశారు. 1979 ఆగస్టు 10న తొలి ప్రయోగం విఫలమై వాహనం బంగాళాఖాతంలో కూలింది. అలసి నిద్రపోయిన కలాంను వెతుక్కుంటూ వెళ్ళి, నిద్ర లేపి భోజనానికి వెంటబెట్టుకుపోయినది బ్రహ్మప్రకాశే. కలాం ఆ ఆదరణను చివరివరకు తలచుకున్నారు. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్ (మిధాని) స్థాపనలోనూ ఆయన ఆలోచన ఉంది. నికెల్, కోబాల్ట్, మాలిబ్డినం కలిసిన మారేజింగ్ ఉక్కును ఆ సంస్థే తయారుచేస్తోంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ కవచం ఈ ఉక్కుతోనే రూపొందుతుంది. 2.8 మీటర్ల వ్యాసం గల ఐదు ఖండాలుగా ఉండే ఆ కవచంలో 138 టన్నుల ఇంధనం నింపుతారు. వెల్డింగ్‌లో వెంట్రుకంత పగులున్నా ప్రయోగం అంతటితో సరి.

1961లో పద్మశ్రీ, 1963లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1968లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 1984 జనవరి 3న బ్రహ్మప్రకాశ్ కన్నుమూశారు. పీఎస్‌ఎల్‌వీ తొలిసారి ఎగిరింది 1993లో. మిధాని వద్ద ఉన్న పాఠశాలకు ఆయన పేరే పెట్టారు.