హరిశ్చంద్ర కవి తెరపై లింగరాజు
నాటకాభిమానులను టాకీ దాకా నడిపించిన బలిజేపల్లి లక్ష్మీకాంత కవి

బాపట్ల: పల్లెలో తిరునాళ్లకో, శ్రీరామ నవమికో పందిరి వేసి హార్మోనియం శ్రుతి చేశారంటే పెద్దలు మొదట అడిగే నాటకం సత్యహరిశ్చంద్ర. కాటి సీను వచ్చేసరికి తెల్లవారుజామవుతుంది. అయినా చాప మీద నుంచి లేచే వారుండరు. పలక పట్టని రైతు కూడా ఆ పద్యాలను రాగంతో సహా అప్పజెప్పగలడు. ఇంతగా జనం నోళ్లలో నానిన ఆ నాటకాన్ని రచించిన కీర్తిశేషులు బలిజేపల్లి లక్ష్మీకాంత కవి ఈ ప్రాంతం వారే. ఆయన కలం రంగస్థలంతో ఆగలేదు. నాటకాన్ని ప్రాణంగా చూసుకునే వారు టాకీ బొమ్మను ఆశతోను, అనుమానంతోను చూస్తున్న రోజుల్లో ఆయన తెర మీదికి వెళ్లి నిలబడ్డారు. నాటకాభిమానుల మనసు తెలిసిన మనిషి కావడం వల్లనే అది ఆయనకు సాధ్యమైంది.

లక్ష్మీకాంత కవి 1881 డిసెంబరు 23న నాటి బాపట్ల తాలూకా ఇటికంపాడులో జన్మించారు. కర్నూలులో మేనమామ గారి వద్ద ఉండి చదువుకున్నారు. కొంతకాలం సబ్ రిజిస్ట్రారు కచేరీలో గుమాస్తాగా పనిచేశారు. ఆ పని విడిచి గుంటూరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయులయ్యారు. ఆశువుగా పద్యం చెప్పడంలో దిట్ట. శతావధానాలు చేసి పండితుల మెప్పు పొందారు. 1922లో గుంటూరులో చంద్రికా ముద్రాక్షరశాలను నెలకొల్పారు.

నాటకం పుట్టిన తీరు

ఆయన సత్యహరిశ్చంద్రీయం రచించినది 1912లో. అప్పటికి వయసు ముప్పయి. హరిశ్చంద్రుని కథ తెలుగువారికి కొత్తది కాదు. ఆడిన మాట తప్పని రాజు రాజ్యం ధారపోయడం, అప్పు తీర్చడానికి ఆలిని, బిడ్డను కాశీలో అమ్మడం, తాను వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరి కావడం అందరికీ తెలిసిన కథే. కవి గొప్పతనం ఆ కథను రైతు కష్టానికి దగ్గరగా తీసుకురావడంలో ఉంది. అప్పుల వాడు గడప దగ్గర కూర్చుంటే ఇంటి యజమాని పడే బాధ పల్లె వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. విశ్వామిత్రుని బాకీ వసూలుకు వెంటబడి వచ్చే నక్షత్రకుడు వేదిక మీద అడుగు పెట్టగానే జనం నవ్వేవారు. ఆ నవ్వులోనే వారికి కళ్ల నీళ్లు తిరిగేవి.

1926లో ఆయన గుంటూరులో ఫస్ట్ కంపెనీ అనే నాటక సమాజాన్ని స్థాపించారు. నక్షత్రకుని వేషం తానే వేసేవారు. రాజు వేషాన్ని మంచి గాత్రమున్న నటులకు విడిచిపెట్టి, తాను ఆ రాజును పీడించే వేషం కట్టడం ఆయన స్వభావం తెలిపే సంగతి. తన పేరు కంటే నాటకం నిలవడమే ముఖ్యమనుకున్నారు. ఉత్తర రాఘవం, సాత్రాజితీయం, బుద్ధిమతీ విలాసం వంటి ఇతర నాటకాలు కూడా రచించారు. అయితే జనం ఆయనను హరిశ్చంద్ర కవిగానే గుర్తు పెట్టుకున్నారు.

టాకీ వచ్చింది

1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద విడుదలైంది. అది రంగస్థలం మీద పేరు పొందిన నాటకమే. వేషధారులలో సురభి వారు ఉన్నారు. 1934లో వచ్చిన లవకుశను చూడటానికి పల్లెల నుంచి జనం బండ్లు కట్టుకొని పట్టణాలకు వెళ్లారు. ఆనాటి టాకీలో నటులే పాడాలి. ఒకరు ఆడితే మరొకరు పాడే పద్ధతి ఇంకా స్థిరపడలేదు. అందువల్ల నిర్మాతలు గాత్రమున్న నాటక నటుల కోసం వెదికారు. పందిట్లో దూరంగా కూర్చొని విన్న నటుని ముఖాన్ని నిలువెత్తు తెర మీద దగ్గరగా చూడవచ్చునన్న ఉత్సాహం నాటకాభిమానులలో పొంగింది.

1935లో హరిశ్చంద్ర తెర మీదికి వచ్చింది. హరిశ్చంద్రునిగా అద్దంకి శ్రీరామమూర్తి, చంద్రమతిగా కన్నాంబ నటించారు. ఇద్దరూ నాటకరంగం నుంచి వచ్చినవారే. చంద్రమతి వేషం కన్నాంబకు వేదిక మీదనే అలవాటైనది. ఆమె సినిమా జీవితం ఈ చిత్రంతోనే మొదలైంది. నాటకం కంఠతా వచ్చిన ప్రేక్షకుడు టాకీ హాలుకు వెళ్లినప్పుడు కథ కోసం వెళ్లడు. ఏ పద్యం ఉంచారు, ఏది తీసేశారు, రాగం ఎంతసేపు సాగదీశారు అన్నదే అతని లెక్క. వేదిక మీద వన్స్ మోర్ అని కేకవేస్తే నటుడు మళ్లీ పాడతాడు. తెర మీది బొమ్మ ఎవరి కేకా వినిపించుకోదు. ఈ వెలితి నాటకప్రియులకు కొట్టవచ్చినట్లు కనిపించింది. అయినా బండ్లు కట్టడం మానలేదు.

అయితే నాటకరంగంలో పేరు ఉన్నంత మాత్రాన తెర మీద గెలుపు దక్కదని 1936లోనే తేలింది. ఆ ఏడాది ద్రౌపది కథ మీదనే రెండు చిత్రాలు పోటీపడ్డాయి. ద్రౌపదీ మానసంరక్షణంలో బళ్లారి రాఘవ, బందా కనకలింగేశ్వరరావు వంటి మహానటులు ఉన్నారు. ద్రౌపదీ వస్త్రాపహరణంలో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు, యడవల్లి సూర్యనారాయణ, వేమూరి గగ్గయ్య ఉన్నారు. రెండు వైపులా ఉన్నది వేదిక నేలిన వారే. జనం రెండో చిత్రానికి పట్టం కట్టారు. నాటకాన్ని తెర మీదికి తేవడానికి వేషధారులు చాలరని, తెరకు తగినట్లు మలిచే నేర్పు కూడా కావాలని దీనితో తెలిసివచ్చింది.

వరవిక్రయంలో లింగరాజు

ఆ నేర్పు లక్ష్మీకాంత కవిలో ఉన్నదని గ్రహించిన వారిలో దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య ముఖ్యులు. ఆయన ప్రోత్సాహంతో కవి చిత్రరంగంలో కాలు మోపారు. పుల్లయ్య దర్శకత్వంలో 1939లో వరవిక్రయం విడుదలైంది. కాళ్లకూరి నారాయణరావు రచించిన ఈ నాటకం అప్పటికే ఊరూరా ఆడుతున్నది. కట్నాల దురాచారం మీద ఎక్కుపెట్టిన బాణం అది. కట్నం పోసి తనకు మొగుణ్ని కొనడం సహించలేక పెద్ద కూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల పెండ్లి చేసుకొని, కట్నం పోసి కొన్న మగడు తన ఇంట ఉండవలసినదే గాని తాను అత్తవారింటికి రానని పట్టుబట్టి మామకు బుద్ధి చెబుతుంది.

ఈ చిత్రంలో కాళిందిగా నటించిన బాలిక తరువాత ఎంతో పేరు పొందిన భానుమతి. ఆమెకిది తొలి చిత్రం. కమలగా పుష్పవల్లి, తండ్రి పురుషోత్తమరావుగా దైతా గోపాలం, తల్లి భ్రమరాంబగా దాసరి కోటిరత్నం నటించారు. కొడుకును అంగట్లో సరుకులా అమ్ముకునే పిసినారి సింగరాజు లింగరాజు వేషం లక్ష్మీకాంత కవికి దక్కింది. సత్యం కోసం సర్వం వదులుకున్న రాజు కథ రాసిన చేయి, తెర మీద కాసుల సంచి ముడి విప్పని పిసినారి చేయి అయింది. అప్పటికి ఆయన వయసు 57 ఏండ్లు. నక్షత్రకుని వేషంలో జనాన్ని నవ్విస్తూనే నొప్పించిన అనుభవం ఇక్కడ అక్కరకు వచ్చింది.

నాటకం తెలిసిన ప్రేక్షకులు లింగరాజును చూసి నవ్వుకున్నారు. ఇంటికి వెళ్లాక ఆలోచనలో పడ్డారు. ఎందుకంటే లింగరాజు వంటి మామగారు ప్రతి ఊరిలోనూ ఉన్నాడు. కట్నం ఇచ్చి పొలం అమ్ముకున్న తండ్రి, పుచ్చుకొని మేడ కట్టిన తండ్రి ఒకే బల్ల మీద కూర్చొని చూడవలసిన కథ అది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. నాటకం, టాకీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఆ మాట చెప్పాయి. చట్టం వచ్చి ఇన్నేళ్లయినా కట్నాల బేరం ఆగలేదంటే లింగరాజు ఇంకా బతికి ఉన్నట్లే.

పద్యం నుంచి మాటకు

అదే 1939లో వై.వి. రావు దర్శకత్వంలో మళ్ళీపెళ్ళి వచ్చింది. పసితనంలోనే పెళ్లయి వితంతువైన బాలికకు తిరిగి వివాహం జరగాలన్నది అందులోని కథ. కాంచనమాల కథానాయిక. లక్ష్మీకాంత కవి ఈ చిత్రానికి మాటలు, పాటలు రాయడమే గాక జనార్దనరావు పంతులు వేషం కూడా ధరించారు. పౌరాణిక పద్యాలతో పేరు పొందిన కవి ఇక్కడ ఇంట్లో మనుషులు మాట్లాడుకునే తీరున సంభాషణలు నడిపించారు. తరువాత విశ్వమోహిని (1940), జెమిని వారి బాలనాగమ్మ (1942) వంటి చిత్రాలకు కూడా ఆయన కలం పనిచేసింది. అవధానంలో అడిగిన క్షణాన పద్యం అల్లిన కవికి, స్టూడియోలో అడిగిన పూట మాట అందించడం కష్టం కాలేదు.

టాకీ వచ్చిన తరువాత నాటక సమాజాలు చితికిపోయిన మాట నిజం. వేషధారులు మద్రాసు దారి పట్టారు. టికెట్టు కొనే చేయి హాలు వైపు మళ్లింది. లక్ష్మీకాంత కవి కూడా ఆ దారినే వెళ్లారని నొచ్చుకున్న వారు ఉండవచ్చు. కాని ఆయన నాటకం మాత్రం పల్లెను విడిచి వెళ్లలేదు. కంపెనీలు మూతపడినా సత్యహరిశ్చంద్ర ఆగలేదు. డి.వి. సుబ్బారావు వంటి నటుల గొంతులో హరిశ్చంద్రుడు కొత్త ప్రాణం పోసుకున్నాడు. వినుకొండ వాసి గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు కాటి సీనులో చేరి నాటకానికి విడదీయరాని భాగమైనాయి. ఒక కవి నాటకంలో మరొక కవి పద్యాలు ఇలా ఇమిడిపోవడం అరుదైన విషయం.

లక్ష్మీకాంత కవి చివరి రోజులు శ్రీకాళహస్తిలో గడిపారు. అక్కడే 1953 జూన్ 30న కన్నుమూశారు. ఆ తరువాత 1956లో ఎస్.వి. రంగారావు, లక్ష్మీరాజ్యం నటించిన హరిశ్చంద్ర, 1965లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ఎన్.టి. రామారావు, ఎస్. వరలక్ష్మి నటించిన సత్యహరిశ్చంద్ర తెర మీదికి వచ్చాయి. నాటకాభిమానులు రెండింటినీ ఆత్రంగా చూశారు. చూసి, వేదిక మీది కాటి సీనుతో పోల్చుకున్నారు. హాలులో ఆ బొమ్మలు కొన్ని వారాలు ఆడి వెళ్లిపోయాయి. పందిట్లో నాటకం మాత్రం మిగిలింది.

1912లో రాసిన నాటకానికి నూరేండ్లు దాటిపోయాయి. హార్మోనియం మెట్ల మీద వేలు పడగానే హరిశ్చంద్రుని పద్యం అందుకునే గొంతులు పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆ గొంతులున్న ముసలి కళాకారుల వద్ద కూర్చొని నేర్చుకునే కుర్రవాళ్లే తగ్గిపోతున్నారు. పద్యం నేర్చిన వారు ఊరికి ఒకరైనా తయారైతే కవి పుట్టిన ఈ గడ్డ ఆయన రుణం కొంతైనా తీర్చుకున్నట్లవుతుంది.