రేపటి ప్రయాణం ఎవరి చేతిలో?

ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల్లో ఉన్న మనకు అడవి కొత్త కాదు. వానాకాలంలో వాగు పొంగితే పక్క ఊరికైనా దారి ఉండదని మనకు తెలుసు. అలాంటి దట్టమైన అడవిలోనే, నల్లమలలో, ముగిసిన ఒక జీవితాన్ని ఈ వారం ధ్యానిద్దాం.

డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి 1949 జూలై 8న కడప జిల్లా జమ్మలమడుగులో, క్రైస్తవ కుటుంబంలో జన్మించారు. గుల్బర్గాలో వైద్యం చదివి, జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొంతకాలం పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి తెరిచారు. 1978లో శాసనసభకు ఎన్నికయ్యారు. 2003 మండువేసవిలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం వరకు సుమారు 1,475 కిలోమీటర్లు నడిచారు. మన ఖమ్మం జిల్లా మీదుగా సాగిన ఆ పాదయాత్రలో, రాజమండ్రిలో జబ్బుపడి, కోలుకుని మళ్లీ నడక సాగించారు. 2004లో ముఖ్యమంత్రి అయ్యారు. 108 అంబులెన్సులు, ఆరోగ్యశ్రీ ఆయన కాలంలోనే వచ్చాయి. ఆయన రాజకీయాలపై మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఇక్కడ మనం చూస్తున్నది ఆయన చివరి ప్రయాణాన్ని.

2009 సెప్టెంబర్ 2 ఉదయం 8.38 గంటలకు ఆయన హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయలుదేరింది. అక్కడ రచ్చబండలో ప్రజలను కలవాలి. గంట గడవకముందే నల్లమల మీద సంబంధాలు తెగిపోయాయి. వాయుసేన, కేంద్ర బలగాలు, అడవి తెలిసిన గిరిజనులు వెదికారు. రాష్ట్రమంతటా సంఘాల్లో ప్రార్థనలు జరిగాయి. మరునాడు ఉదయం పావురాలగుట్టపై శకలాలు కనిపించాయి. ఆయనతోపాటు ప్రయాణించిన నలుగురూ మరణించారు.

కేంద్రం నియమించిన విచారణ సంఘం చెప్పిన సంగతి మనల్ని ఆలోచింపజేస్తుంది. ఇంజిన్ శక్తిని రెక్కలకు అందించే గేర్‌బాక్స్‌లో ఆయిల్ ఒత్తిడి గురించి ఒక హెచ్చరిక వెలిగింది. ఏం చేయాలో పుస్తకంలో వెదకడానికి పైలట్లకు సుమారు ఆరు నిమిషాలు పట్టింది. అంతలోనే హెలికాప్టర్ పెద్ద తుఫాను మేఘంలోకి వెళ్లింది. పైనుంచి బలంగా దిగే గాలి దాన్ని కిందకు తోసేసింది. ఇది వారిని తప్పుపట్టడానికి చెప్పుకునే మాట కాదు. మనం ఎలా జీవిస్తున్నామో చూసుకుందాం. పిల్లల ఫీజులు, పొలం అప్పు, ఇంటి తగవు, ఇవన్నీ నిజమైన హెచ్చరికలే, పట్టించుకోవలసినవే. అయితే వాటిలోనే తలమునకలైతే ఎదురుగా ఉన్న నిత్యత్వం కనబడదు.

ఫలానా పట్టణానికి వెళ్తాం, ఇంతకాలం ఉంటాం అని లెక్కలు వేసుకునేవారిని యాకోబు భక్తుడు తన పత్రికలో హెచ్చరించాడు. మన జీవితాన్ని కాసేపు కనిపించి మాయమయ్యే ఆవిరితో పోల్చాడు. పదవి, భద్రత, వందల మైళ్లు నడిచిన కాళ్లు, ఏవీ ఆ ఉదయాన్ని ఆపలేకపోయాయి.

ప్రియులారా, ప్రయాణాలు మానుకోమని కాదు. బయలుదేరే ముందు ఆ ప్రయాణాన్ని ప్రభువు చిత్తానికి అప్పగిద్దాం. మాటలు లేని అన్నదమ్ములతో ఈ రోజే సమాధానపడదాం. ఒప్పుకోవలసిన పాపాన్ని వచ్చే ఆదివారానికి వాయిదా వేయకుండా ఇప్పుడే ఆయన పాదాల దగ్గర ఒప్పుకుందాం.